తొట్టి కదలడం లేదు

సోమవారం

పొద్దున్న పెరట్లో గోడ వెనక కక్కుకున్నాను. అందులో బఠాణీలు ఉన్నాయి. బఠాణీలు నేను తిన్నది నిన్న మధ్యాహ్నం. ఒక్కటి కూడా చితకలేదు. ఇప్పుడే గిన్నెలోంచి తీసి పారబోసినట్టు గుండ్రంగా, పచ్చగా ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నం నుంచి ఇవాళ పొద్దుటిదాకా అవి లోపల ఏం చేస్తున్నట్టు?

మట్టి కప్పేశాను. ఎవరూ చూడలేదు.

ఈ డైరీ చిన్నది ఇచ్చింది, మా చిన్న కూతురు. సూది ఎప్పుడు వేసుకున్నానో, షుగరు ఎంత ఉందో రాయమంది. అవి ముందు పేజీల్లో రాస్తున్నాను. ఇది వెనకనుంచి మొదలుపెట్టాను. రాత నాకు కుదరదు. తిరగలి రాళ్ళకు గాట్లు పెట్టే చెయ్యి ఇది. కానీ ఎవరితోనో ఒకరితో చెప్పుకోవాలిగా. మా ముసలిదానితో చెబుదామంటే అరిస్తేగానీ దానికి వినపడదు. ఇన్నేళ్ళు పిండిమర హోరులో నిలబడితే చెవులేం మిగులుతాయి? దానికి చెప్పడమంటే వీధికంతటికీ చాటింపు వేసినట్టే. కక్కుకున్నానని కేకేసి చెప్పనా?

ఏమీ లేదు. బఠాణీలు సరిగ్గా ఉడకలేదు. అంతే.

బుధవారం

సగం రొట్టె తినేసరికి గొంతుదాకా నిండిపోయింది. మిగతాది కంచంలో వదిలేస్తే ముసలిది ఊరుకుంటుందా.

"ఏమయ్యా, నా చేతి తిండి ఇప్పుడు చేదైందా?"

"కడుపు నిండిందే!" అని అరిచాను.

"ఎవరింట్లో నింపుకొచ్చావు?"

గోడ అవతలనుంచి దర్జీ అందుకున్నాడు. "మా ఇంట్లో మాత్రం కాదు వదినా! మాకే చాలడం లేదు!"

వాడి మాట దీనికి వినపడలేదు. నాకు వినపడి నవ్వాను. నవ్వితే లోపల నీళ్ళకుండ కదిలినట్టు గుడగుడలాడింది. నవ్వు ఆపేశాను.

ఆ దర్జీయే పొద్దున్న నా ఎడమకాలి చెప్పు తెచ్చి ఇచ్చాడు. వీధి మొదట్లోనే జారిపోయిందట. నేను ఒంటి చెప్పుతో ఇంటిదాకా వచ్చేశానట. కాలికి తెలియలేదు. "ఏదో ఆలోచనలో ఉన్నట్టున్నావు అన్నా" అన్నాడు. ఉన్నానన్నాను. ఏ ఆలోచనా లేదు.

గురువారం

నిన్న సూది వేసుకున్నాను, తిన్నాను. తిన్న కాసేపటికే చెమటలు, చేతుల్లో వణుకు. చూసుకుంటే షుగరు పాతాళంలో ఉంది. తిననివాడికి పడిపోతుందంటే అర్థం ఉంది. తిన్నవాడికి పడిపోవడమేంటి? సాయంత్రం భయపడి ఏమీ తినకుండా పడుకున్నాను. ఇవాళ పొద్దున్నకు కొండెక్కి కూర్చుంది. పస్తున్నవాడికి పెరగడమేంటి?

ముందు పేజీలు చూసి చిన్నది నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. స్కూలు బస్సు నడుపుతుంది అది. బస్సును రోడ్డు మీద నిలబెట్టి మరీ వచ్చింది.

"నాన్నా, ఎక్కడ దాచావు?"

"ఏంటే దాచేది?"

"తీపి. రాత్రుళ్ళు తింటున్నావు. లేకపోతే పరగడుపున ఇంత ఎలా ఉంటుంది?"

"నేను తినలేదు."

"బస్సు నిండా పిల్లల్ని మోస్తున్నాను నేను. తినలేదని చెప్పే మూతి ఎలా ఉంటుందో నాకు తెలుసు."

పిండి డబ్బాలన్నీ మూతలు తీసి వెతికింది. గోధుమపిండిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపింది. నా ఇంట్లో, నా పిండిలో, నన్ను దొంగను చేసి. ఏమీ దొరకలేదు. దొరకలేదని నమ్మిందా అంటే, ఇంకా బాగా దాచాననుకుంది.

డబ్బాల మూతలు మళ్ళీ పెట్టాను. దొంగతిండి అనుకోనీ. అసలు సంగతి కన్నా అదే నయం.

అసలు సంగతేంటో నాకు తెలియదు.

శనివారం

మర ఆడుతున్నప్పుడు మాకు మాటలు ఉండవు, చేతులే. పిడికిలి పైకెత్తితే ఆపమని. అరచెయ్యి ఏటవాలుగా ఊపితే బాగా ఆడుతోందని. అరచేతిలో పిడికిలితో రెండుసార్లు కొడితే తొట్టిలో గింజ ఇరుక్కుందని. పెళ్ళయిన కొత్తలో మా పోట్లాటలు కూడా చేతులతోనే. దీని చెవులు పోయింది తర్వాత, అప్పటికే మాకు వాటితో పని తీరిపోయింది.

తొట్టి కదులుతోందో లేదో తెలుసుకోవడానికి కూడా చెవులు అక్కర్లేదు. రేకుకు అరచెయ్యి ఆనిస్తే చాలు. గింజ దిగుతుంటే చేతికింద సన్నగా చీమలు పాకినట్టు ఉంటుంది. ఇరుక్కుంటే రేకు చల్లగా, చచ్చినట్టు ఉంటుంది.

ఇవాళ మధ్యాహ్నం తిన్నాక పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

ఏమీ లేదు. మనిషి కడుపు రేకు కాదుగా.

ఆదివారం

ప్యాంటు జారిపోతోందని దర్జీ దగ్గరికి వెళ్ళాను. టేపు నడుముకు చుట్టి చూసి, తీసి, మళ్ళీ చుట్టాడు.

"ఏంట్రా, టేపు మర్చిపోయావా చదవడం?"

"కాదన్నా. మొన్న చలికాలంలో కుట్టింది నేనే. ఇప్పుడు రెండంగుళాలు లోపలికి పోయింది." తర్వాత నా మొహం చూడకుండా, "పోనీలే, పొట్ట తగ్గితే కుర్రాడిలా ఉంటావు" అన్నాడు.

పొట్ట తగ్గలేదు. పొట్ట ఉబ్బే ఉంది. చుట్టూ ఉన్న మనిషే తగ్గాడు.

మా అన్నకూ ఇలాగే మొదలైంది. రెండు ముద్దలకే నిండిందనేవాడు. నిన్నటిది ఇవాళ కక్కేవాడు. కడుపులో గడ్డ ఉందని తెలిసేసరికి కోసేందుకు కూడా ఏమీ మిగల్లేదు. చివరికి మంచం మీదనుంచి నేనే ఎత్తాను. బస్తాలు ఎత్తే చేతులు నావి, ఏది ఎంత బరువుంటుందో తెలుసు. పొట్టు బస్తా కన్నా తేలిగ్గా ఉన్నాడు.

వద్దు. అది రాయకూడదు.

సోమవారం

ఆస్పత్రికి వెళ్ళను. వెళితే ఆ మాట అంటారు. అనిపించుకోకపోతే లేనట్టే.

మంగళవారం

దారి దొరికింది. ఇన్నాళ్ళూ తట్టనందుకు నా తలకాయను నేనే మొట్టుకోవాలి.

తడి మొక్కజొన్న పోస్తే రాళ్ళకు జిగురు పట్టి మర మూలుగుతుంది. అప్పుడేం చేస్తాం? గుప్పెడు ఎండు పొట్టు పోస్తాం. పొట్టు ఆ జిగురునంతా ఒరుసుకుని బయటికి లాక్కుపోతుంది. రాయి అద్దంలా అవుతుంది. మా నాన్న నాకు నేర్పిన మొదటి పని ఇదే. ఎన్నిసార్లు చేశానో. ఒక్కసారి తప్పలేదు.

నా కడుపుకు పట్టింది కూడా ఆ జిగురే. గడ్డ కాదు, మరొకటి కాదు.

గోధుమ పొట్టు జల్లెడ పట్టి గుప్పెడు నోట్లో పోసుకున్నాను. చెంబెడు నీళ్ళు తాగాను. రంపపు పొట్టు తిన్నట్టు గొంతు గీరుకుపోయింది. అయినా మనసు తేలికైంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇవి డాక్టర్లకేం తెలుస్తాయి?

గురువారం

పొట్టు పని చేస్తోంది. కక్కు రాలేదు.

శుక్రవారం

ఇవాళా రాలేదు. కొంచెం బరువుగా ఉంది. పని చేసేటప్పుడు బరువు ఉంటుంది మరి. గుప్పెడు చాలడం లేదేమో, రెండు చేశాను.

ఆదివారం

త్రేన్పులు కుళ్ళిన గుడ్డు వాసన. ముసలిది ముక్కు మూసుకుని చచ్చిన ఎలుక కోసం మంచం కిందంతా ఊడ్చింది. నేనూ దానితోపాటు వెతికినట్టు నటించాను.

సోమవారం

ఏం రాయను.

మంగళవారం

పొట్ట డోలులా ఉంది. వేలితో కొడితే మోగుతోంది. పక్కటెముకల కింద ఎడమవైపు గట్టిగా ఏదో తగిలింది. నొక్కాను. ఉంది. పడుకుని నొక్కాను. ఉంది. చెయ్యి తీసేసి, చేతులు కడుక్కొచ్చి, మళ్ళీ నొక్కాను.

ఉంది.

అన్నకు కూడా అక్కడే.

శుక్రవారం

రెండు రోజులు చెయ్యి ఆడలేదు. ఇప్పుడు రాస్తాను.

బుధవారం పొద్దున సూది వేసుకుని రొట్టె మొత్తం తిన్నాను. చిన్నది ఎదురుగా కూర్చుని ముక్క ముక్కా లెక్కపెట్టినట్టు చూసింది. దాని కోసం తిన్నాను. గొంతులో ఇటుకలు పేర్చినట్టు ఉన్నా తిన్నాను. అది బస్సెక్కి వెళ్ళిపోయింది. నేను మర వేశాను.

బేకరీ వాళ్ళ గోధుమలు, పెద్ద సరుకు. నేను తొట్టి దగ్గర, ముసలిది అవతల పిండి రాలే మూతి దగ్గర బస్తా పట్టుకుని ఉంది. కాసేపటికి బెల్టు ఒకటి రెండుగా కనిపించింది. చొక్కా వెన్నంతా తడిసి అంటుకుపోయింది. కూర్చోవాలనుకున్నాను. కాళ్ళు ఎటో ఉన్నాయి, నేను ఎటో ఉన్నాను. పడకుండా ఆనుకుందామని చెయ్యి చాపాను. చాపింది బెల్టు వైపుకని నాకు తెలుసు. తెలిసీ చెయ్యి వెనక్కి రావడం లేదు. చొక్కా చేతికి బెల్టు గాలి కొడుతోంది. కేక వేద్దామంటే నోటికి మాట అందలేదు. అందినా దానికి వినపడదు.

రెండో చెయ్యి ఎత్తాను. పిడికిలి అయిందో లేదో నాకు తెలియదు. అయిందట. ముసలిది బస్తా వదిలేసి స్విచ్చు మీద పడింది. మూతి కింద బస్తా లేక పిండంతా నేల మీదికి పోయింది. బెల్టు ఇంకా తిరుగుతూనే ఉంది, వెంటనే ఆగదు కదా. ముసలిది నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరం పిండిలో పడ్డాం.

పంచదార నీళ్ళు తాగించింది. ఎప్పుడూ తాగిన చిటికెలో తేరుకునేవాణ్ణి. ఈసారి ఎంతకూ రాలేదు. నీళ్ళు కూడా ఆ ఇటుకల పైనే నిలబడిపోయాయేమో. అది చిగుళ్ళకు తేనె రాసింది, మళ్ళీ మళ్ళీ రాసింది. కళ్ళు కుదుటపడేసరికి దాని మొహం నా మొహం మీదే ఉంది. కనుబొమలదాకా పిండి. ఇంత తెల్లగా దాన్ని పెళ్ళినాడు కూడా చూడలేదు.

కనుబొమలెగరేసింది. ఏంటని.

నాకు ఏడుపొచ్చింది. పెదాలు కదిపినా సరే, అరిచినా సరే, ఆ మాట రాదు. అప్పుడు అరచేతిలో పిడికిలితో రెండుసార్లు కొట్టి, కడుపు చూపించాను.

అది కదలకుండా చూసింది. తర్వాత వీధంతా అదిరేలా అరిచింది.

"ఎన్నాళ్ళనుంచి ఇరుక్కుందయ్యా?"

దర్జీ కుట్టుమిషను ఆగిపోయింది.

"చెప్పవేం? ఎన్నాళ్ళనుంచి దాచావు? మర ఇరుక్కుంటే అరక్షణంలో నాకు చెప్పేవాడివి, నీకు ఇరుక్కుంటే చెప్పవా? నాకన్నా మర ఎక్కువైందా, మరకన్నా నువ్వు తక్కువైపోయావా?"

పక్కటెముకల కింద దాని చెయ్యి పెట్టి నొక్కించాను. మా అన్నను ఎత్తినప్పుడు కాళ్ళు పట్టుకున్నది అదే. ఇక అరవలేదు. కొంగుతో నా మొహం మీద పిండి తుడిచింది. తనది తుడుచుకోలేదు.

శనివారం

ఇవాళ ముసలిది ఆస్పత్రికి లాక్కెళ్ళింది, రేపు చేరాలి. ఎల్లుండి పొద్దున నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూస్తారట. రాత్రి ఏమీ తినకూడదన్నారు. తినమన్నా ఎవడు తింటాడు?

ముసలిది సంచీ సర్దింది. రెండు జతలు పెట్టింది. వెనక్కి వస్తాననే కదా రెండు జతలు. అన్నకు ఎన్ని సర్దారో గుర్తు రావడం లేదు.

మంగళవారం, ఆస్పత్రి

నిన్న గొట్టం వేశారు. కొండను తవ్వి ఎలుకను పట్టారు.

డాక్టరమ్మ చిన్న వయసుదే, నా మనవరాలిలా ఉంది. ముసలిదాన్నీ చిన్నదాన్నీ నన్నూ కూర్చోబెట్టి ఫోటో తెరమీద చూపించింది.

"తాతగారూ, మొన్న రాత్రి ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు. మీరే వద్దన్నారుగా."

"నాన్నా!" అంది చిన్నది.

"తినలేదే తల్లీ, ఒట్టు."

"తినలేదు, నాకు తెలుసు. మరి కడుపులో ఈ ముద్ద ఏంటో చెప్పండి."

చూశాను. ఎర్రగా, ఉండలా, పీచుపీచుగా ఉంది. గోధుమ పొట్టు. నా మర పొట్టు ఎక్కడున్నా గుర్తుపడతాను. తల దించుకుని చెప్పాను. గుప్పెళ్ళూ చెంబులూ, కక్కి మట్టి కప్పిందీ అన్నీ చెప్పాను. చిన్నది అవన్నీ మళ్ళీ తల్లి చెవిలో అరిచింది. వార్డు మొత్తానికి తెలిసిపోయింది. అవతలి మంచం ఆయన దుప్పటి కప్పుకుని నవ్వాడు.

"గడ్డ కాదా?" అన్నాను.

"గడ్డ లేదు. అంతా వెతికాను. ఈ ముద్దను గొట్టంతోనే చిదిపేశాను, మిగిలింది మందుతో కరుగుతుంది."

గడ్డ లేదు. గోడ పట్టుకుని లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఎందుకంటే ఆవిడ ఇంకా అయిపోలేదు.

"మీకు చెప్పులు జారిపోతే తెలుస్తోందా?"

ఆవిడకెవరు చెప్పారు?

షుగరు ఏళ్ళ తరబడి నరాలను తినేస్తుందట. పాదాలు మొద్దుబారినట్టే నా కడుపూ మొద్దుబారిందట. తిన్నదాన్ని చిదిపి కిందికి తోసే కండ ఉంటుంది, దానికి చెప్పే నరం సగం నిద్రపోయింది. తిన్నది అక్కడే కూర్చుంటుంది. సూది మాత్రం టైముకు పని చేసుకుపోతుంది. తిండి అందకముందే సూది పని చేస్తే షుగరు పడిపోతుంది. తిండి తర్వాతెప్పుడో తీరుబడిగా దిగితే పొద్దున్నకు కొండెక్కుతుంది.

అంతా విని చిన్నదానివైపు తిరిగాను. "వినపడిందా? దొంగ ఎవరో తెలిసిందా?"

"తెలిసింది నాన్నా."

"పిండిలో చేతులు పెట్టావే నువ్వు."

"పెట్టాను. తప్పయింది." అని, అంతలోనే, "నువ్వు కక్కుకుని మట్టి కప్పింది మాత్రం ఏంటి? పిల్లివా?" అంది.



"ఇది తగ్గుతుందా?" అని డాక్టరమ్మను ముసలిది అడిగింది. నేను అడగాల్సింది. నేను అడగలేదు.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ముసలిదాని మోకాలి మీద చెయ్యి వేసింది. దాని చెవి దగ్గరికి వంగి, "తగ్గుతుందని అబద్ధం చెప్పనమ్మా. అదుపులో ఉంచుకోవచ్చు" అంది.

బుధవారం, ఆస్పత్రి

ఉడికిన గుడ్డులో ఏదో కలిపి తినిపించారు. తర్వాత ఆ గుడ్డు ఎంత దిగిందో ఉండుండి ఫోటోలు తీశారు. పెళ్ళికొడుక్కి కూడా అన్ని ఫోటోలు తీయరు. మధ్యాహ్నం అయ్యేసరికి దిగిపోవాల్సింది. సగానికి పైగా అక్కడే ఉంది.

గడ్డ కాదని నిన్నంతా సంతోషించాను. ఇవాళ ఆ ఫోటో చూశాక వేరే భయం పట్టుకుంది. గడ్డ పరాయిది, కోసి పారేస్తారు. ఇది నాదే. నిద్రపోయినదాన్ని ఏం కోస్తారు?

ఆదివారం

ఇంటికొచ్చాను. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినాలి. మెత్తగా, జావలా. నూనె తక్కువ. పీచు, పొట్టు, తొక్కలు వద్దు. తిన్నాక పడుకోకూడదు, నడవాలి. సూది ఎప్పుడు వేసుకోవాలో డాక్టరమ్మ మార్చి చెప్పింది, సొంత తెలివి వాడొద్దని గట్టిగా అంది. సొంత తెలివి అన్నప్పుడు నా వైపే చూసింది.

ఊరందరికీ పిండి ఆడించినవాణ్ణి. ఇప్పుడు నేను తినేదంతా పిండి చేసి పెట్టాలి. దర్జీ ఈ మాట విని నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

మంగళవారం

చెంచా నోటిదాకా వస్తే చెయ్యి ఆగిపోతోంది. ఇది దిగుతుందా? ఇదీ అక్కడే కూర్చుంటుందా? దేనికీ భయపడి ఎరగను నేను. తిరిగే రాయి దగ్గర బతికాను. చెంచాడు జావకు భయపడుతున్నాను.

ముసలిదానితో తిన్నానని చెప్పి సగం పారబోద్దామనుకున్నాను. పెరటి గోడదాకా వెళ్ళాను కూడా. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వెనక్కి వచ్చి దానికి గిన్నె చూపించి, అరచేతిలో పిడికిలితో రెండుసార్లు కొట్టాను. అది తిట్టలేదు. గిన్నె పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించింది. చెప్పు జారిందేమోనని మధ్యమధ్య నా కాళ్ళవైపు చూస్తూనే ఉంది. ఒకసారి జారింది. వంగి తొడిగింది. దర్జీ చూస్తున్నాడు. చూడనీ.

శుక్రవారం

ఇవాళ మర వేయలేదు. బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ పెట్టించేదాకా నేను దాని దగ్గరికి రాకూడదని ముసలిది శాసనం.

మధ్యాహ్నం జావ తాగి మర గది గడప దగ్గర బల్ల మీద కూర్చున్నాను. అది వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగకుండా చొక్కా పైకెత్తి అరచెయ్యి నా కడుపుకు ఆనించింది. తొట్టికి ఆనించినట్టే. వేళ్ళు దూరంగా చాపి, తల పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి. మర ఆడనప్పుడు ఆ గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేనూ ఊపిరి బిగబట్టాను.

"ఆడుతోందా?" అన్నాను. అరవలేదు, మామూలుగానే అన్నాను. దానికి వినపడి ఉండదు.

నా పెదాలు చూసింది. చెయ్యి ఇంకొంచెం నొక్కింది. చాలాసేపటి తర్వాత తీసి, అరచెయ్యి ఏటవాలుగా ఊపింది. బాగా ఆడుతోందని.

మనిషి కడుపు రేకు కాదు. చేత్తో తెలియదు. అబద్ధమాడిందని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు.

మళ్ళీ చూడమన్నాను.